పన్నెండు మంది కావలెను

పొద్దున్నే ఆరింటికి మా మేనల్లుడి మెసేజి. ‘మావయ్యా, నీ జీమెయిల్ ఐడీ అర్జంటుగా పంపు. అత్తయ్యది కూడా. ఎందుకని అడక్కు.’ ఎందుకో అడగొద్దంటూ ఐడీలు అడిగేవాళ్ళ గురించే కదా బ్యాంకులు రోజూ మొత్తుకుంటున్నాయి! ఫోన్ చేసి, గొంతు విని, మా అమ్మ పుట్టింటి ఊరేదో చెప్పమని అడిగి, వాడేనని తేలాక కూడా కాసేపు తటపటాయించాను. గొంతు వాడిదే, అందులో వినయం మాత్రం వాడిది కాదు. చివరిసారి ఆ వినయం విన్నది వాడి పెళ్ళికి బస్సు మాట్లాడిపెట్టమన్నప్పుడు.

సంగతేమిటంటే, వాడు పగలు ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు కూర్చుని సొంతంగా ఒక యాప్ తయారుచేశాడు. పాల లెక్క యాప్. వంటింటి క్యాలెండర్లో తేదీ పక్కన గీతలు గీసి, నెలాఖరున కూడి, పాలామెతో వాదించి, చివరికి చిల్లర దగ్గర రాజీపడే కార్యక్రమం ఉంది చూశారూ, దాన్నంతా ఫోన్లోకి ఎక్కించేశాడట. ‘క్యాలెండర్‌ని డిస్రప్ట్ చేస్తున్నా మావయ్యా’ అన్నాడు. పాపం అది ఒక్క మేకు మీద బతుకుతోంది. ఛార్జింగ్ అడగదు, అప్‌డేట్ అడగదు. దాని మీద వీడికింత పగ ఏమిటో!

యాప్ తయారైంది గానీ గూగుల్ వారి గుమ్మంలో ఆగిపోయింది. పాతిక డాలర్లు కట్టి సొంత పేరు మీద డెవలపర్ ఖాతా తెరిచినవాడు, ఆ ఖాతా 2023 నవంబరు 13 తర్వాత తెరిచిందైతే, యాప్‌ని నేరుగా ప్లే స్టోర్లోకి వదలడానికి వీల్లేదు. ముందు కొందరు మనుషుల్ని పోగుచేసి, వాళ్ళని టెస్టర్లుగా చేర్పించి, వరసగా 14 రోజులు నిలబెట్టాలి. మొదట్లో ఆ సంఖ్య 20. ఇరవై మంది మనుషులు తెలిసి ఉండటమనేది ప్రోగ్రామర్ జాతికి ఎంత పెద్ద షరతో ఎవరూ ఆలోచించినట్టు లేదు. దేశదేశాల కుర్రాళ్ళు గగ్గోలు పెట్టారు. 2024 డిసెంబరులో అది 12కి దిగింది. కంపెనీ పేరున ఖాతా ఉన్నవాళ్ళకు ఈ బాధ లేదు. నలుగురు ఉన్నవాణ్ణి వదిలేసి, గదిలో ఒంటరిగా కూర్చున్నవాణ్ణి పట్టుకుని ‘నీకెంతమంది ఉన్నారో చూపించు’ అనడం పెళ్ళిచూపుల్లో తప్ప నేనెక్కడా చూడలేదు.

అయ్యప్ప మాలకు 41 రోజులు, యాప్ మాలకు 14. మధ్యలో ఎవరైనా మాల తీసేసి తలలు పన్నెండుకంటే తగ్గితే గురుస్వామి లెక్క తప్పుతుంది. అందుకని మావాడు ముందుచూపుతో పదహారు మందిని పట్టాడు. పట్టాడంటే, మా వంశవృక్షాన్ని కింది కొమ్మ నుంచి దులిపాడు.

రూలు పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే, కాదనను. సగం ఉడికిన యాప్‌లు జనం నెత్తిన పడకుండా, ముందు పదిమంది వాడి చూడాలన్నారు. కానీ వాడి చూశారా లేదా అన్నది కొలవడం కష్టం, పది మంది ఉన్నారా లేదా అన్నది కొలవడం తేలిక. తేలికైనదాన్నే కొలుస్తారని తెలియగానే మన జాతికి ఒక ప్రాచీన విద్య గుర్తుకొస్తుంది: జనసమీకరణ. బహిరంగసభకు లారీలు పంపి, బిర్యానీ పొట్లం చేతిలో పెట్టి, జెండా ఊపించి, తిరిగి దింపే విద్య. ఇప్పుడు టెస్టర్లను అలాగే తోలుతున్నారు. డబ్బు తీసుకుని పన్నెండు మందిని పద్నాలుగు రోజులకు సరఫరా చేసే కాంట్రాక్టర్లు ఉన్నారు. డబ్బు లేనివాళ్ళకు చేబదుళ్ళ గ్రూపులు: నువ్వు నా యాప్ పెట్టుకో, నేను నీ యాప్ పెట్టుకుంటా. మావాడి ఫోన్లో ఇప్పుడు ఏ దేశం వాడిదో ధ్యానం యాప్, ఇంకెవరిదో కుక్కకు మందులు గుర్తుచేసే యాప్, ఉల్లిపాయ రేట్ల యాప్ ఉన్నాయి. వాడు ధ్యానం చెయ్యడు, వాడికి కుక్క లేదు, ఉల్లిపాయలు వాళ్ళావిడ తెస్తుంది. అవతల ఆ ముగ్గురి ఫోన్లలో మా పాల లెక్క ఉంది. పాలు ఎక్కడ నుంచి వస్తాయో వాళ్ళకి అనవసరం.

ఇక మా బంధుమిత్ర సపరివారం టెస్టింగ్ ఎలా సాగిందో చెబుతాను. దానికోసం వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు. పెద్దక్కయ్య మొదటి నిమిషంలోనే ‘చాలా బాగుంది నాన్నా, గాడ్ బ్లెస్ యూ’ అని రాసి, మూడు గులాబీలూ ఒక వినాయకుడూ పెట్టింది. లింకు ఇంకా తెరవలేదని తర్వాత తేలింది. బాబాయి ‘మంచి ప్రయత్నం. గ్రూప్ టూ నోటిఫికేషన్ సంగతి చూస్తున్నావా?’ అన్నాడు. వదిన ‘మొదటి పేజీలో ఆవు ముద్దుగా ఉంది’ అంది. ఆ ఆవు స్విట్జర్లాండు వైపుది. మాకు పాలు పోసేది బర్రె. అన్నిటికంటే మా బావమరిది నివేదిక నన్ను కదిలించింది. ‘వెరీ స్మూత్, నో ఇష్యూస్’ అని రాశాడు. వాడిది ఐఫోను. యాప్ ఆండ్రాయిడ్‌కి మాత్రమే ఉంది. లేనిదాన్ని కూడా మెచ్చుకోగల ఆ గుణం వల్లే వాడు అత్తారింట్లో ఇంతకాలంగా నెగ్గుకొస్తున్నాడు.

నా మటుకు నేను నిష్ఠగానే ఉన్నాను. పండగల శుభాకాంక్షల వీడియోలతో ఫోను నిండిపోయి ఉంటే నాలుగువందలు చెరిపి చోటు చేశాను. ‘రోజూ ఒకసారి తెరువు మావయ్యా, గూగుల్ చూస్తుంటుంది’ అన్నాడు కాబట్టి, పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టాక, యాప్ తెరిచి, ఆవుకు నమస్కారం పెట్టి మూసేసేవాణ్ణి. తర్వాత క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి ఆ రోజు పాలు రాసుకునేవాణ్ణి.

మనవాళ్ళ మర్యాద సంగతి మనకి తెలియనిదా? పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నప్పుడు కన్యాదాత వచ్చి ‘వంటలెలా ఉన్నాయి బావగారూ’ అంటే ఏమంటాం? బ్రహ్మాండం అంటాం. సాంబారులో ఉప్పు లేదని, బూరెలు లోపల పచ్చిగా ఉన్నాయని, చేతులు కడుక్కునే చోట నీళ్ళు రాలేదని ఎప్పుడంటాం? తిరుగు బస్సు ఊరి పొలిమేర దాటాక. అక్కడ వచ్చే ఫీడ్‌బ్యాక్ అంత నిక్కచ్చిగా, అంత వివరంగా, వంటవాడి తాత ముత్తాతల దాకా వెళ్ళి ఇచ్చేవాళ్ళు భూప్రపంచంలో ఉండరు. యాప్ చేసేవాళ్ళు అందరూ పంక్తిలో నిలబడి అడుగుతారు. బస్సెక్కినవాడు ఒక్కడూ లేడు.

పధ్నాలుగు రోజులు పూర్తయ్యాక గూగుల్ వాళ్ళ ఫారంలో రాయాలట: టెస్టర్లను ఎలా సంపాదించావు, వాళ్ళేమన్నారు, దానివల్ల ఏం మార్చావు అని. ప్రశ్నలు మంచివే. మావాడు ముందే సిద్ధం చేసుకున్న జవాబు చూపించాడు. కృత్రిమ మేధతో రాయించాడు కాబట్టి భాష పట్టుపంచె కట్టుకుని ఉంది. ‘వినియోగదారులు ఇంటర్‌ఫేస్ సరళతను ఏకగ్రీవంగా ప్రశంసించారు’ అట. ఆ వినియోగదారుల్లో నేనొకణ్ణి. ప్రశంసించినట్టు నాకు గుర్తులేదు. ‘మరి పదకొండో రోజుకే వాళ్ళేమన్నారో ఎలా తెలిసిందిరా?’ అంటే ‘అది ప్రొజెక్షన్ మావయ్యా’ అన్నాడు.

బంధువుల్ని పట్టుకున్నాడని మావాణ్ణి ఆడిపోసుకోవడం అన్యాయమే. సూటు తొడిగిన కంపెనీలు చేసేదేమిటి? లింక్డిన్‌లో ఒక ప్రకటన వేస్తారు. దాన్ని ఇంగ్లీషు తీసేసి మన పేపర్ల క్లాసిఫైడ్స్ భాషలో పెడితే ఇలా ఉంటుంది:

‘కావలెను: రియల్ యూజర్లు. కొత్త ఫోను, ఇంట్లో వైఫై, తీరిక సమయం ఉండవలెను. ఇంగ్లీషు చదివి నాలుగు పేజీల గూగుల్ ఫారం నింపగలిగి ఉండవలెను. మా యాప్ అవసరం ఉండనక్కరలేదు. అవసరం ఉన్నవారు మమ్మల్ని సంప్రదించే మార్గం లేదు. ఎంపికైనవారికి గిఫ్ట్ వోచరు.’

ఈ ప్రకటన చూసేదెవరు? మిగతా యాప్‌లవాళ్ళు. చెరువు గట్టున గాలాలు పట్టుకుని వందమంది కూర్చున్నారు, ఒకడి గాలానికి ఇంకొకడి గాలం తగులుకుంటోంది, అందరూ ‘పడింది పడింది’ అని ఎగురుతున్నారు. నీళ్ళలో చేప హాయిగా ఉంది. దానికి లింక్డిన్ ఖాతా లేదు.

ఆమాటకొస్తే మహామహులకే దిక్కులేదు. జీమెయిల్‌ని 2004 ఏప్రిల్ 1న బీటా అని వదిలారు. ఆ బీటా బోర్డు తీసింది 2009 జులైలో. అయిదేళ్ళపాటు కోట్లమంది జనం తమకు తెలియకుండానే టెస్టర్లు. ఉద్యోగాల ఉత్తర్వులూ విడాకుల నోటీసులూ అన్నీ ‘పరీక్షార్థం’ వెళ్ళాయి. మనింట్లో పిల్లాడికి అయిదేళ్ళొచ్చి బళ్ళో వేసేదాకా బారసాల చెయ్యకుండా ‘ఇంకా చూస్తున్నాం’ అంటే ఊరుకుంటారా?

ఆపిల్ కథ మనకి మరీ దగ్గరిది. 2015 నుంచి ఆ కంపెనీ ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌ను విడుదలకు ముందే మామూలు జనానికి ఇచ్చి పరీక్ష చేయిస్తోంది. యాప్‌లు పరీక్షించడానికి వాళ్ళు పెట్టిన టెస్ట్‌ఫ్లైట్‌లో ఒక్కో యాప్‌కి బయటి టెస్టర్లు 10,000 మంది దాకా ఉండొచ్చు. ఇంత సేన ఉండగా 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు టపటపా రాలిపోయాయి. కారణం ఒక తెలుగు అక్షరం. జ కింద ఞ వత్తు, దాని పక్కన కంటికి కనపడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం. చూడటానికి అచ్చం ‘జ్ఞా’. ఆ అక్షరంతో మెసేజి వస్తే చాలు, యాప్ మూసుకుపోయేది, ఒక్కోసారి ఫోనే తిరగబడేది. ప్రపంచమంతా దాన్ని కాపీ కొట్టి ఒకరికొకరు పంపుకుని ఆడుకుంది. పద్యాలతో, పాటలతో, పచ్చళ్ళతో సాధించలేని విశ్వవ్యాప్తి తెలుగు లిపికి ఆ వారంలో దక్కింది. ఫిబ్రవరి 19న 11.2.6 అనే అప్‌డేట్ మందు వేసి ఆపారు. మామూలుగా ‘జ్ఞానం’ అని టైపు చేస్తే ఏమీ కాదు, ఆ కనపడని గుర్తు ఉండాలి, ఇది ఒప్పుకోవాలి. కానీ అక్షరం కింద అక్షరం వేలాడే భాష ఒకటుందని, దాన్ని కోట్లమంది రాస్తారని, వాళ్ళు పైకీ కిందికీ ఏం తగిలించినా తట్టుకోవాలని విడుదలకు ముందే తేల్చుకుని ఉంటే ఫోను జ్ఞానం దగ్గర మూర్ఛపోయేది కాదు. అజ్ఞానం దగ్గర ఏ ఫోనూ ఆగినట్టు వినలేదు.

సరే, పదకొండో రోజు సంగతి చెప్పాలి. అసలు కథ అదే.

మేనల్లుడు ఆదివారం మా ఇంటికొచ్చి పడుకున్నాడు. సోమవారం పొద్దున్న అయిదున్నరకి పాలామె మూడంతస్తులెక్కి బెల్లు కొట్టింది. పదకొండేళ్ళుగా మాకు పోస్తోంది. వీడు కళ్ళు నులుముకుంటూ తలుపు తీసి, ఆమెను చూసి, ఏదో స్ఫురించినట్టు ఫోను తెచ్చి చేతికిచ్చాడు. ‘అమ్మా, ఇందులో ఇవాళ్టి పాలు రాయి.’

ఆమె చెయ్యి తడిగా ఉంది. పాలు పోసే చెయ్యి పొడిగా ఎప్పుడుంటుంది? వేలు పెట్టింది. తెర కదల్లేదు. మళ్ళీ పెట్టింది. ఎక్కడో ఇంకోచోట ఏదో తెరుచుకుంది. చెంగుకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. ‘కస్టమర్ ఫోన్ నంబర్ ఎంటర్ చేయండి’ అని అడిగింది యాప్.

‘సారు నంబరు నాకెర్క లేదు బిడ్డా.’

‘పోనీ, పేరు కొట్టు.’

ఆమె నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను. పదకొండేళ్ళలో నా పేరు అడగాల్సిన అవసరం ఆమెకి రాలేదు. నేను మూడో అంతస్తు సారుని. ఎదురింటివాళ్ళు కుక్క ఇల్లు. కిందవాళ్ళు పావు లీటరమ్మ. ముప్ఫై ఇళ్ళ లెక్క ఆమె నోటిమీద ఉంటుంది, అందులో ఒక్క పేరూ లేదు, ఒక్క నంబరూ లేదు.

వీడు పేరు తనే కొట్టి, తర్వాతి పేజీ తెరిచాడు. ఓటీపీ వెళ్ళింది. ఆమె పేరున ఉన్న నంబరుకి వెళ్ళింది. ఆ ఫోను ఆమె కొడుకు దగ్గర, ఆ కొడుకు రాత్రి డ్యూటీలో ఉన్నాడు. దాన్ని కూడా వీడే ఎలాగో దాటించాడు. ఆమెకి ఓపిక ఎక్కువ. కిందింటివాళ్ళ పాలు ఆలస్యమవుతున్నా నిలబడి, తెరంతా ఒకసారి తేరిపార చూసి అడిగింది:

‘నాగా ఏడ నొక్కాలె?’

‘ఏంటమ్మా?’

‘నాగా బిడ్డా. మీరు ఊరికి పోతే పాలు వద్దంటరు గదా. గది.’

‘ఓ, అదా! ఇదుగో, ‘పాజ్ సబ్‌స్క్రిప్షన్’.’

‘అంటే?’

‘అంటే... నాగా.’

‘మరి నాగా అనే రాయరాదూ?’

నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చాను. వచ్చేసరికి జున్నుపాల మీద విచారణ నడుస్తోంది. బర్రె ఈనినప్పుడు జున్నుపాలు ఇస్తుంది కదా, అవెక్కడ రాయాలని ఆమె ప్రశ్న. రేటెంత అని వీడి ప్రశ్న. ‘జున్నుపాలకు పైసలు దీసుకుంటరా ఎవరన్న?’ అని ఆమె నిర్ఘాంతపోయింది. సున్నా రూపాయలు కొడితే యాప్ ఎర్రబడి ‘సరైన మొత్తాన్ని నమోదు చేయండి’ అంది. ఊరికే ఇచ్చేదాన్ని రాసుకునే గడి వీడి ప్రోగ్రాములో లేదు. ఇంకా అడిగింది: నెల అంటే మాకు అయిదో తారీఖు నుంచి అయిదో తారీఖు, ఇందులో ఒకటో తారీఖుకే ఎందుకు తెగిపోతోంది? బర్రె వట్టిపోతే వేరేవాళ్ళ దగ్గర తెచ్చి పోస్తాను, ఆ రేటు వేరు, అదెలా? పోయిన నెల బాకీ ఏది? అన్నిటికీ కలిపి నాలుగు నిమిషాలు పట్టిందేమో. క్యాన్ ఎత్తుకుని, ‘మంచిగుంది బిడ్డా’ అని మర్యాదకి ఒకమాట అని, మెట్లు దిగిపోయింది. ఆమె ఎక్కే బస్సు మెట్ల మలుపులోనే ఉంది. కుక్క ఇంటివాళ్ళతో ఆమె ఏమందో నేను రాయను.

జేకబ్ నీల్సన్ అని యూజబిలిటీ పండితుడొకాయన 2000లో రాశాడు: అయిదుగురి చేతికిచ్చి, పక్కన నోరుమూసుకుని కూర్చుని చూస్తే చాలు, వాడకంలో లోపాలు దాదాపు 85 శాతం బయటపడతాయని. ఆయన లెక్కలో ఒక్కొక్కరూ సగటున పట్టుకునేది 31 శాతం. మా పాలామె ఆ సగటుని తడి చేత్తోనే దాటేసింది. అటు పదహారు మంది పదకొండు రోజులు తెరిచి మూసి కనిపెట్టింది ఒక్కటే, ఆవు ముద్దుగా ఉందని.

‘అన్నీ రాసుకున్నావా?’ అన్నాను. వాడి ముఖంలో చిరాకు. ‘ఆమె మన టార్గెట్ యూజర్ కాదు మావయ్యా.’

‘పాల లెక్కకి పాలు పోసే ఆమె కాక ఇంకెవర్రా టార్గెట్?’

‘గేటెడ్ కమ్యూనిటీల్లో ప్యాకెట్ పాలు తీసుకునేవాళ్ళు.’

ప్యాకెట్ మీద అరలీటరని అచ్చేసే ఉంటుంది. ధర కూడా ఉంటుంది. దానికి లెక్కెందుకో ఆ ప్యాకెట్‌కే తెలియాలి.

ఈ ‘టార్గెట్ యూజర్ కాదు’ అన్న మాట ఉంది చూశారూ, అది మావాడు కనిపెట్టింది కాదు. మన ప్రభుత్వాలకు అది కంఠతా వచ్చు. ఉపాధి హామీ కూలీల హాజరు కోసం ఎన్ఎంఎంఎస్ అని ఒక యాప్ తెచ్చారు. పరీక్షించలేదని అనడానికి లేదు; 2021 మేలో పైలట్ అన్నారు. 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత పనులు మినహా అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. పని దగ్గర అజమాయిషీ చేసే మేటీ రోజుకి రెండుసార్లు కూలీల ఫోటో తీసి, స్థలం, సమయం గుర్తులతో సహా పైకి పంపాలి. అది తయారుచేసినవాళ్ళకి సిగ్నల్ అంటే గదిలో గోడకున్న తెల్ల పెట్టె. మేటీకి సిగ్నల్ అంటే చెరువు కట్ట మీద, చింతచెట్టు కింద, ఫోను పైకెత్తి పట్టుకుంటే వచ్చీ రాని రెండు గీతలు. గడ్డపార పట్టి మధ్యాహ్నానికి పని ముగించిన మనిషి, ఫోటో ఎక్కడం కోసం ఎండలో పడిగాపులు. ఎక్కకపోతే మస్టరు పడదు, మస్టరు పడకపోతే కూలి లేదు. తవ్విన గొయ్యి మాత్రం అక్కడే ఉంటుంది. దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు.

అదే ఏడాది ఫిబ్రవరి నుంచి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూలీలు ఈ యాప్ మీద, ఆధార్ ఆధారిత చెల్లింపుల మీద వంద రోజుల ధర్నా తలపెట్టి కూర్చున్నారు. సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఇంత పొడవైన ఫీడ్‌బ్యాక్ ఫారం ఇంకెక్కడా నింపి ఉండరు. ఆ తర్వాత, 2025 జులైలో, గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాస్తూ ఒప్పుకుంది: సంబంధం లేని ఫోటోలు ఎక్కుతున్నాయని, ఫోటోకే ఫోటో తీసి పంపుతున్నారని. అంటే పనిచేసినవాడి ముఖం ఎక్కలేదు, పనిచెయ్యనివాడి ఫోటోకి తీసిన ఫోటో ఎక్కింది. దొంగని పట్టుకోవడానికి పెట్టిన తలుపు దొంగకే తెరుచుకుంది, ఇంటివాడికి గొళ్ళెం పడింది. ఇది టెస్టింగులో తేలాల్సిన విషయం. తేలింది కూడా, కాకపోతే కూలి డబ్బుల ఖర్చుతో.

దీనికి పక్కన ఇంకోటి పెట్టి చూడండి. 2021 జూన్ 7న ఆదాయపు పన్ను శాఖ కొత్త పోర్టల్ తెరిచింది. తెరిచిన రోజు నుంచే అది మొరాయించింది. చార్టర్డ్ అకౌంటెంట్లు దుమ్మెత్తి పోశారు. ఆగస్టులో ఆర్థిక మంత్రి దాన్ని తయారుచేసిన కంపెనీ అధిపతిని పిలిపించి కూర్చోబెట్టి అడిగారు. రిటర్నుల గడువు డిసెంబరు 31 దాకా తీసుకెళ్ళారు. చాలా మంచి పని. లోపం పన్ను కట్టేవాడికి తగిలితే దాని పేరు సాంకేతిక సమస్య. ఉపాధి కూలీకి తగిలితే దాని పేరు గైర్హాజరు. చెరువు కట్ట మీద ఫోటో ఎక్కని రోజున ఏ కంపెనీ అధిపతినీ ఎవరూ పిలిపించినట్టు నేను చదవలేదు.

ఇంతకంటే చవకైన టెస్టర్లు ఏ కాంట్రాక్టరూ సరఫరా చెయ్యలేడు. వోచరు అక్కర్లేదు. ఫారం అక్కర్లేదు. వాళ్ళే రోజుకూలి ఎదురిచ్చి పరీక్షిస్తారు. పద్నాలుగు రోజులకి మాల తీసే వీలు కూడా వాళ్ళకు లేదు.

మా మేనల్లుడి యాప్‌కి అనుమతి వచ్చింది. పెద్దక్కయ్య అయిదు నక్షత్రాలిచ్చింది. బావమరిది ఐఫోను పక్కనపెట్టి, మా చెల్లెలి ఫోన్లోంచి మరీ ఇచ్చాడు. నేను నాలుగిచ్చాను, కుటుంబంలో గొడవైంది. మొన్న మెసేజి పెట్టాడు: ‘మావయ్యా, నీ ఫీడ్‌బ్యాక్ సీరియస్‌గా తీసుకున్నా. యాప్ మొత్తం తెలుగులోకి మార్చేశా. మీ పాలామెకి చూపించు. ఆవిడ అడిగిన బటన్ కూడా పెట్టా.’

పొంగిపోయాను, అబద్ధమెందుకు? తెలుగంతా యంత్రం చేత వేయించినట్టుంది. ‘సేవ్’ ఉండే చోట ‘పాలను రక్షించండి’ అని ఉంది. ఫరవాలేదు, మంచి మాటే. పాలామె రాగానే చెయ్యి తుడుచుకోమని తువ్వాలు ఇచ్చి మరీ ఫోను అందించాను. ఈసారి నాగా బటను పెద్దగా, పచ్చగా, తెర మధ్యలో ఉంది. దాని పక్కన పడగ విప్పిన పాము బొమ్మ.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. నేను అక్కడికక్కడే వీడికి ఫోన్ చేశాను. ‘అదేంటి మావయ్యా, నాగా అంటే నాగుల చవితికి పుట్టలో పోసే పాలు కదా? స్పెషల్ డెలివరీ ఆప్షన్ పెట్టా. బాగుందా?’

ఫోను స్పీకర్లో ఉంది. ఆమె విని, కాసేపు ఆ పాముకేసి చూసి, క్యాను ఎత్తుకుంది.

‘మంచిగనే ఉంది గాని సారూ, పుట్టల పోసిన పాలకు పైసలు ఎవరిస్తరు? మీ లెక్కల రాయాల్నా, పాము లెక్కల రాయాల్నా?’